టీ చెప్పి పిలిచిన ఎరకయ్య

అనగనగా, మా ముత్తవ్వకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, సముద్రం ఇప్పటికంటే నాలుగు తాటిచెట్ల దూరం వెనక ఉన్న రోజుల్లో, గుర్రాలరేవు అని ఒక రేవు ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది. రేవు లేదు. ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళలో నల్లటి రాళ్ళు ఉంటాయి. అలలు వాటిమీద విరిగినప్పుడు గుర్రాలు తెల్లజూలు విదిలించుకుంటున్నట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు. చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటి మీదకి పోయిన తెప్ప దుంగకి దుంగ విడిపోతుంది.

ఆ ఊళ్ళో ఎరకయ్య అని ఒకడుండేవాడు. పుట్టింది జాలర్ల ఇంట్లోనే. చిన్నప్పుడు తెప్ప దుంగ జారి కాలి మీద పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. వాళ్ళ అయ్య అతన్ని ఒకసారి తెప్ప ఎక్కించాడు, పడ్డాడు. రెండోసారి ఎక్కించాడు, పడ్డాడు. మూడోసారి ఎక్కించాడు, పడి, కడుపునిండా ఉప్పునీళ్ళు తాగి తేలాడు.

"నీకు సముద్రం రాసిపెట్టి లేదురా," అని వాళ్ళ అయ్య ఒడ్డునే వదిలేశాడు.

జాలరి ఊళ్ళో వేటకెళ్ళనివాణ్ణి మగాళ్ళ లెక్కలో వెయ్యరు. పెద్దలు కూర్చున్న చోట వాడికి చాప వెయ్యరు. ఎరకయ్యకీ వెయ్యలేదు.

అప్పట్లో రేవు మంచి జోరుమీద ఉండేది. రంగం ఓడలు వచ్చేవి. రంగం అంటే రంగూను, మనవాళ్ళు అలాగే అనేవారు. ఓడ ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, సాగనంపడానికి వచ్చి ముక్కు చీదేవాళ్ళు. ఎంత ఏడ్చినా కాసేపటికి ఆకలి వేస్తుంది కదా. అందుకని ఒడ్డున మూడు హోటళ్ళు లేచాయి.

మొదటిది ఖాదరు సాయిబు టీ హోటలు. పెద్ద ఇత్తడి డేగిసాలో టీ పొద్దున్నుంచీ మరుగుతూనే ఉండేది. మీగడ వేసి, పక్కన బన్ను పెట్టి ఇచ్చేవాడు. రెండోది నాయరు కాఫీ హోటలు. నాయరు ఎక్కడో పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రానికి వచ్చినవాడు. గోడకి అద్దం బిగించాడు. కాఫీ తాగినవాళ్ళు ఆ అద్దంలో మీసం చూసుకుని బయటికొచ్చేవారు. మూడోది గురవమ్మ పెసరట్ల పాక. దానికి అద్దమూ లేదు, బల్లలూ లేవు. తాటాకు కప్పు, ఒక పెనం, గురవమ్మ నోరు. అంతే.

ఎరకయ్య ఖాదరు సాయిబు దగ్గర పనికి కుదిరాడు. టీలు అందించాలి, ఎవరికేం కావాలో పొయ్యి దగ్గరికి కేకెయ్యాలి. ముందు వసారాలో జనం, వెనక పొయ్యి, మధ్యలో పొగ. వీటన్నిటి మీదా సముద్రపు హోరు. మామూలు గొంతు ఆ హోరులో సగం దూరం కూడా వెళ్ళదు. ఎరకయ్య గొంతు వెళ్ళేది. సన్నగా, పొడుగ్గా, చివర కాస్త పైకి లేచేది.

"దానయ్యకి అల్లం టీయ్! పంచదార తక్కువా!"

పేరు చెప్పేవాడు, కావలసింది చెప్పేవాడు, ఒక్క క్షణం ఆగేవాడు. లోపల్నుంచి "ఆఁ" అని వినబడితే రెండోది అందుకునేవాడు. ఎవరికేం ఇష్టమో అతనికి నోటికి వచ్చు. ఒకసారి తాగి వెళ్ళినవాడు మళ్ళీ వస్తే అడిగేవాడు కాదు, కేకేసేవాడు. వచ్చినవాడి మొహం విప్పారేది. వేటలో చేపలు పడకపోయినా, ఇంట్లో పోట్లాడి వచ్చినా, తన టీ ఎలా ఉండాలో తెలిసినవాడు ఒకడున్నాడని అక్కడ కాసేపు కూర్చునేవాడు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడు సముద్రం ముందుకొచ్చింది. పెద్ద వానా లేదు, గాలీ లేదు. రోజుకి కాస్త, రోజుకి కాస్త ఇసక కోసుకుంటూ వచ్చి, ఒక పున్నమినాడు ఖాదరు సాయిబు హోటల్ గోడ కింద చెయ్యి పెట్టి పడదోసింది. సాయిబు డేగిసా నెత్తిన పెట్టుకుని కొడుకు ఉన్న ఊరికి వెళ్ళిపోయాడు.

జనం అడిగారు. "ఎరకయ్యా, హోటలు పోయింది. ఇంకేటి సేత్తావు?"

"పొయ్యి పోతే పోయింది. ఆకలి ఎక్కడికి పోద్ది?" అన్నాడు ఎరకయ్య. కుంటుకుంటూ వెళ్ళి నాయరు హోటల్లో చేరాడు.

అక్కడా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత ఓడలు రావడం తగ్గింది. నెలకొకటి వచ్చేది, తర్వాత కాలానికొకటి వచ్చింది, తర్వాత అదీ రాలేదు. ఎందుకు రాలేదో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. నాయరు రోజూ అద్దం తుడిచి, అందులో తన మొహం ఒక్కటే చూసుకుని, చివరికి తలుపులకి మేకులు కొట్టేసి పడమటి సముద్రానికి వెళ్ళిపోయాడు.

జనం మళ్ళీ అడిగారు. "ఎరకయ్యా, రెండోదీ పోయింది. ఇంకేటి సేత్తావు?"

"పొయ్యి పోతే పోయింది. ఆకలి ఎక్కడికి పోద్ది?" అన్నాడు ఎరకయ్య. కుంటుకుంటూ వెళ్ళి గురవమ్మ పాకలో చేరాడు.

గురవమ్మ కొన్ని రోజులు తిట్టింది, తర్వాత కొన్నేళ్ళు అన్నం పెట్టింది. ఓడల జనం లేకపోయినా జాలర్లు ఉన్నారు. వేటకి వెళ్ళేముందు ఒక టీ, వచ్చాక ఒక పెసరట్టు. పోలయ్యకి అట్టు మాడాలి. మాడకపోతే తినడు. కొర్లయ్యకి అట్టు మీద ఉల్లిపాయ కనబడకూడదు, కింద ఉండాలి. ఎరకయ్య అన్నీ కేకేసేవాడు. ఒకరోజు గురవమ్మ పెనం దింపి, "తల తిరుగుతోందిరా," అని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆ ఏడు వచ్చిన గాలివానకి పాక కప్పు కూడా ఎగిరిపోయింది.

జనం మూడోసారి అడిగారు. "ఎరకయ్యా, ఇంకేటి సేత్తావు?"

"పొయ్యి పోతే పోయింది," అన్నాడు ఎరకయ్య. కుంటుకుంటూ వెళ్ళడానికి నాలుగో హోటలు లేదు.

అయినా తెల్లవారేసరికి అతని కాళ్ళు అతన్ని అక్కడికే తీసుకెళ్ళేవి. పాక ఉన్న చోట ఇసకలో నిలబడేవాడు. జాలర్లు తెప్పలు తోసుకుంటూ అటే వెళ్ళేవారు. ఒకరోజు దానయ్య నవ్వులాటకి అడిగాడు.

"ఎరకయ్యా, ఇయ్యాల ఏటున్నాయి?"

ఎరకయ్య గొంతు సవరించుకున్నాడు. "దానయ్యకి అల్లం టీయ్! పంచదార తక్కువా!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుకుంటూనే సముద్రంలోకి దిగారు. మర్నాడు పోలయ్య అడిగాడు. ఆ మర్నాడు కొర్లయ్య అడిగాడు. అలా అది రోజూ వేడుక అయిపోయింది. లేని హోటల్లోంచి లేని టీ తాగి వేటకి వెళ్ళేవారు. అందులో తప్పేం లేదు. కానీ నూతి దగ్గర ఆడవాళ్ళ నోళ్ళు వేరు.

ఎరకయ్యకి ఒక్కతే కూతురు, తవిటమ్మ. తల్లి లేని పిల్ల. హోటళ్ళన్నీ పోయాక ఆ పిల్లకి పెళ్ళయింది. అల్లుడు ముత్యాలు పొరుగు పాలెం నుంచి ఇల్లరికం వచ్చాడు. నెమ్మదస్తుడు. మావని ఒక్క మాట అనేవాడు కాదు. కానీ తవిటమ్మ నూతికెళితే చాలు, ఎవరో ఒకరు మొదలెట్టేవారు.

"తవిటీ, మీ అయ్య ఇయ్యాల ఏటొండాడే?"

"మా పిల్లగుంటలకీ ఓ నాలుగట్లు కట్టియ్యమనవే!"

ఒకరోజు తవిటమ్మ బిందె దించకుండానే తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, నేని హోటల్లో నేని టీ ఏటయ్యా? ఊరంతా నవ్వుతంటే నీకు తెలవట్నేదా? కట్టుకున్నోడి ముందు నాకు తలెత్తుకోనేకుండా ఉంది."

ఎరకయ్య ఆమె కళ్ళలో నీళ్ళు చూశాడు.

"ఇంక అరవను తల్లీ," అన్నాడు. "నీ మీద ఆన. నోరిప్పను."

అన్నట్టే నోరిప్పలేదు. పెరట్లో కూర్చుని అల్లుడి వలలు అల్లేవాడు. తెల్లవారి తెప్పలు వెళుతుంటే అటు చూసేవాడు కాదు. దానయ్య రెండు రోజులు అడిగి చూశాడు, మూడోరోజు మానేశాడు. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, చలి వచ్చింది. ఎరకయ్య మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చేది. అన్నం కావాలన్నా చేత్తోనే చూపించేవాడు. తవిటమ్మకి లోపల్లోపల బాధగానే ఉండేది. కానీ నూతి దగ్గర ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు. అందుకని ఊరుకుంది.

పుష్యమాసంలో ఒకనాడు తెప్పలు మామూలుగా వేటకెళ్ళాయి. ఆకాశంలో చుక్కలు కూడా స్పష్టంగా ఉన్నాయి. తెప్పలు లోపలికి పోయాక మంచు దిగింది. అలాంటి మంచు అంతకుముందెప్పుడూ పడలేదంటారు. చాపిన చెయ్యి కనబడలేదు. పొద్దు పొడిచినట్టు తెలిసింది గానీ సూర్యుడు ఎక్కడున్నాడో తెలియలేదు. మంచులోంచి గుర్రాలరాళ్ళ మీద అలలు విరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కుడి వైపు నుంచా, ఎడమ వైపు నుంచా అంటే ఎవరూ చెప్పలేరు.

తెప్పలు తిరిగొచ్చే వేళయింది. రాలేదు. ఆడవాళ్ళు ఒడ్డున గుమిగూడారు. ముందు తాటాకులు పోగేసి మంట వేశారు. మంచు ఆ మంటని మింగేసింది. పది అడుగుల అవతలికి ఎర్రగా మసక తప్ప ఏమీ లేదు. తర్వాత డప్పులు తెచ్చి వాయించారు. ఊరి వెనక కొండ ఉంది. డప్పు మోత కొండకి తగిలి తిరిగొచ్చి, ఎక్కడ వాయిస్తున్నారో తెలియకుండా అంతటా నిండిపోయింది. మూడోది ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పోలయ్య పెళ్ళాం ఇసకలో కూలబడి గంగమ్మ తల్లికి మొక్కుకుంటోంది.

అప్పుడు తవిటమ్మ పరిగెత్తింది. పెరట్లో తండ్రి వల ముందు కూర్చుని ఉన్నాడు. చేతులు కదలడం లేదు.

"అయ్యా, రా. కేకెయ్యి."

ఎరకయ్య ఆమె వైపు చూశాడు. "నీ మీద ఆన పెట్టానమ్మా."

"నా మీదే కదయ్యా. నానే తీసేత్తన్నాను. రా అయ్యా, నీ కాళ్ళట్టుకుంటాను."

ఆమె భుజం మీద చెయ్యేసి ఎరకయ్య ఒడ్డుకొచ్చాడు. డప్పులు ఆపమన్నాడు. గురవమ్మ పాక ఉన్న చోటు కాలితో తడిమి చూసుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

నోరు తెరిచాడు. గాలే వచ్చింది, గొంతు రాలేదు. ఎన్ని నెలలుగానో వాడని గొంతు కదా. రెండోసారి నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా దగ్గాడు. తవిటమ్మ దోసెడు నీళ్ళు పట్టించి వీపు రాసింది. మూడోసారి నోరు తెరిచాడు.

"దానయ్యకి అల్లం టీయ్! పంచదార తక్కువా!"

సన్నగా, పొడుగ్గా, చివర పైకి లేస్తూ ఆ గొంతు మంచులోకి వెళ్ళింది. ఎరకయ్య ఆగాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. అలల చప్పుడే ఉంది. మళ్ళీ కేకేశాడు, మళ్ళీ ఆగాడు. ఎక్కడో, చాలా దూరంలో, హోటల్ పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టే, "ఆఁ!" అని వినిపించింది.

ఒడ్డున ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

"పోలయ్యకి పెసరట్టూ! మాడాలీ!"

"కొర్లయ్యకి పెసరట్టూ! ఉల్లిపాయ కిందా!"

ఒక్కొక్కరినీ పిలిచాడు. ఖాదరు సాయిబు హోటల్లో మీగడ టీ తాగేవాణ్ణి మీగడ టీతో పిలిచాడు. నాయరు హోటల్లో రెండు కాఫీలు ఒక్కడే తాగేవాణ్ణి రెండు కాఫీలతో పిలిచాడు. ఆ మూడు హోటళ్ళలో ఎప్పుడో ఎవరేం తిన్నారో, ఏదీ పోలేదు, అన్నీ అతని నోట్లోంచి వచ్చాయి. పిలిచాడు, ఆగాడు. పిలిచాడు, ఆగాడు. ఆగినప్పుడల్లా మంచులోంచి జవాబు కాస్త దగ్గరగా వచ్చింది.

ముందు దానయ్య తెప్ప ముక్కు కనబడింది. దానయ్య ఇసక మీద దిగి, ఇసకని కళ్ళకద్దుకున్నాడు.

"డప్పులు కొండ మీంచి వత్తన్నట్టే ఉంది, నీళ్ళలోంచి వత్తన్నట్టే ఉంది," అన్నాడు రొప్పుతూ. "రాళ్ళ మీదకే పోతన్నాం. ఇంతలో నా టీ ఇనబడింది. ఇటు తిప్పరా అన్నాను."

పోలయ్య వచ్చాడు. కొర్లయ్య వచ్చాడు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు అందరూ వచ్చారు. వచ్చినవాడి మెడ పట్టుకుని పెళ్ళాం ఏడ్చేది, తల్లి తిట్టేది. పోలయ్య పెళ్ళాం ఏడుస్తూనే తిట్టింది. ఇంకొక్క తెప్ప రాలేదు. ముత్యాలు తెప్ప.

"ముత్యాలూ!" అని పిలిచాడు ఎరకయ్య. ఆగిపోయాడు.

తర్వాత ఏం పిలవాలో అతనికి తెలియలేదు. ముత్యాలు ఊరికొచ్చేసరికి హోటళ్ళే లేవు. అతనికి ఎరకయ్య ఎప్పుడూ ఒక టీ అందించలేదు. ఒక అట్టు పెట్టలేదు. ఇంట్లో వడ్డించేది కూతురు.

ఎరకయ్య కూతురి వైపు తిరిగాడు. "తల్లీ, మీ ఆయనకేటిష్టం?"

"సోడంబలి, అయ్యా," అంది తవిటమ్మ. రాగి అంబలిని అక్కడ అలాగే అంటారు.

"పెట్టేదానివి నువ్వే కదా. నువ్వే పిలువు."

"నాకు రాదయ్యా."

"వచ్చుద్ది. పేరు సెప్పు, పెట్టేది సెప్పు, ఆగు."

నూతి దగ్గర తను ఎవరి ముందు తలొంచుకుందో, ఆ ఆడవాళ్ళ మధ్యలోనే తవిటమ్మ తలెత్తింది.

"ముత్యాలుకి సోడంబలీ!" అంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఆ రోజుల్లో అలా పిలవకూడదు. ఎవరూ ఏమీ అనలేదు.

"ఇంకా గట్టిగా," అన్నాడు ఎరకయ్య.

"ముత్యాలుకి సోడంబలీ! ఎండు నెత్తళ్ళు కాల్చానూ!"

ఆగింది. ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలుస్తూ, కడుపులో ఉన్న గాలంతా గొంతులోకి తెచ్చుకుని, "ఉల్లిపాయ గుద్ది పెట్టానూ!" అని కూడా చేర్చింది.

"ఆఁ, వత్తన్నానే!" అని మంచులోంచి జవాబొచ్చింది.

తవిటమ్మ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి పరిగెత్తింది. ముత్యాలు తెప్ప దిగాడు. అతని తెప్పకి ఒక దుంగ విరిగి ఉంది. రాయిని రాసుకుని బయటపడ్డాడు. అతను పెళ్ళాన్ని చూసి, వెనకున్న మావని చూసి, "నిజంగానే అంబలుందా?" అని అడిగాడు.

ఒడ్డంతా గొల్లుమంది. అంతసేపూ బిగబట్టిన ఊపిరంతా నవ్వయి బయటికొచ్చింది. ఎవరో ఇసకలో దొర్లుతూ నవ్వారు. అప్పుడు దానయ్య నడుం మీద చేతులు పెట్టుకుని అన్నాడు.

"ఎరకయ్యా, ముత్యాలుకైతే అంబలుంది. మరి నా టీ ఏదయ్యా? పిలిచావు, వచ్చాను."

"నా అట్టేది?" అన్నాడు పోలయ్య.

ఎరకయ్య బిత్తరపోయి చూశాడు. కానీ ఆడవాళ్ళు అప్పటికే ఇళ్ళకి పరిగెత్తారు. ఒకరు పెనం తెచ్చారు, ఒకరు పెసలు నానేసిన గిన్నె తెచ్చారు, ఒకరు అల్లం, ఒకరు బెల్లం. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించారు. నూతి దగ్గర నవ్విన ఆడవాళ్ళే పిండి రుబ్బారు. ఎరకయ్య ఒక్కొక్కరికీ అందించాడు. పోలయ్య అట్టు మాడింది. మంచు విడిపోయేదాకా, విడిపోయిన తర్వాత కూడా, ఎవరూ ఇళ్ళకి పోలేదు.

ఊరిపెద్ద తన పక్కన చాప పరిపించాడు. "ఇలా కూకో ఎరకయ్యా," అన్నాడు. ఎరకయ్య టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు. తవిటమ్మ దూరం నుంచి చూసి, పైటతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత ఎరకయ్య చాలా ఏళ్ళు బతికాడు. రోజూ తెల్లవారుజామున ఒడ్డున కేకేసేవాడు. తవిటమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. మనవలు పుట్టారు. ముసలితనం వచ్చి, ఒకనాడు నిద్దర్లోనే హాయిగా పోయాడు. జాలర్లు అతన్ని వేటగాడికి చేసే మర్యాదలతో, తెప్ప చెక్కల మీద మోసుకెళ్ళారు.

అతను పోయిన ఏడు మళ్ళీ మంచు దిగింది. ఇప్పుడెవరు పిలుస్తారని ఎవరూ అడగలేదు. తవిటమ్మ ముందు నిలబడింది. ఆమె పక్కన పోలయ్య పెళ్ళాం, ఆ పక్కన దానయ్య కోడలు. ఎవరి మనిషిని వాళ్ళు పిలిచారు. అందరూ వచ్చారు.

ఇప్పటికీ గుర్రాలరేవులో మంచు పడితే ఒడ్డుకెళ్ళి వినండి. ఇప్పుడు తెప్పలకి మరలొచ్చాయి, దీపాలొచ్చాయి. అయినా పిలుస్తారు. "సాయిబు హోటల్లో మీగడ టీయ్!" అని అరిచే పిల్లలకి ఆ హోటలు ఎక్కడుండేదో తెలియదు. అది ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. నాయరు అద్దాన్నీ గురవమ్మ పెనాన్నీ చూసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. పిలుపులో మాత్రం మూడు హోటళ్ళూ ఉన్నాయి. పిలిచి రప్పించాక, పిలిచింది పెట్టకుండా ఉండకూడదు. అది అక్కడి కట్టుబాటు. మాట వినని పిల్లాణ్ణి తల్లి పదిసార్లు పిలిస్తే పక్కింటామె అంటుంది, "పేరెట్టి పిలిత్తే రానోడు తిండెట్టి పిలిత్తే వత్తాడే," అని.

కొత్తకోడలు ఆ ఊళ్ళో కాపురానికొస్తే, అత్త మొట్టమొదట వంటింట్లో కూర్చోబెట్టుకుని ఒకటే చెబుతుంది.

"మీ ఆయనకేటిష్టమో అడిగి తెలుసుకోవే. మంచు ఎప్పుడు పడుద్దో ఎవరికి తెలుసు."